బట్టీ నుంచి ఒకటి

ఆ నోటీసు మొదట చదివింది నేనే. చదవడమేమిటి, ఇరవై కాపీలు తీసింది కూడా నేనే.

పట్నంలో బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్లో పనిచేస్తాను. డిపో గుమాస్తా వచ్చి కాగితం ఇచ్చి, "ఇరవై తియ్యమ్మా, తొందరగా" అని బల్ల మీద వేళ్ళతో దరువేస్తూ నిలబడ్డాడు. మూడో కాపీ బయటికొచ్చేసరికి మా ఊరి పేరు కళ్ళబడింది. ఏడో కాపీకి మొత్తం చదివేశాను. ప్రయాణికులు బొత్తిగా లేనందున పధ్నాలుగో స్టేజీకి ఒకటో తారీఖు నుంచి బస్సు రద్దు. ఇకమీదట బస్సు పదమూడో స్టేజీ, అంటే ఇటుకల బట్టీ దగ్గరి నుంచే వెనక్కి తిరుగుతుంది. ఇంకోసారి మొదటి నుంచి చదివాను. మిషను మాత్రం తన పని తాను చేసుకుంటూ మిగతా కాపీలన్నీ వేడివేడిగా నా చేతిలో పెట్టింది. గుమాస్తా వాటిని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ప్రయాణికులు లేరట. ఆ పొద్దున నేను పట్నం దాకా ఒంటికాలి మీద నిలబడి వచ్చాను. రెండో కాలు పిండిమర ఆయన సంచి మీద ఉంది.

నా ఉద్యోగం సంగతి తర్వాత. నా భయమంతా మా అత్త కోసం. మా నాన్న అక్క ఆమె. రెండేళ్ళ కిందట కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం పట్నం ఆసుపత్రిలో నాలుగేసి గంటలు మిషను మీద పడుకోవాలి. ఒక్కరోజు తప్పితే కాళ్ళు వాస్తాయి, రెండు తప్పితే ఊపిరి అందదు. "నాకు వారానికి రెండు రోజులే డ్యూటీ, మీ మామయ్య కంటే నయం" అంటుంది. ఆరూ నలభై బస్సులో నాతోపాటే వస్తుంది, ఆసుపత్రి గేటు దగ్గర దింపి నేను కొట్టుకి పోతాను. మా ఊరి నుంచి బట్టీ దగ్గరి పెద్దరోడ్డుకి ఆరు కిలోమీటర్ల కంకర బాట. అత్త ఇంటి నుంచి వీధి చివరికి నడవడానికే రెండుసార్లు ఆగుతుంది.

ఇక మామయ్య. అసలు ఈ కథ బస్సుది కాదు, ఆయనదే. ఆయన కండక్టరు. రిటైరై నాలుగేళ్ళయినా ఊళ్ళో ఇంకా 'కండక్టరు మామయ్య' అనే అంటారు, ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో చివరి పంతొమ్మిదేళ్ళూ మా ఊరి బస్సు మీదే చేశాడు. ఎవరు ఏ రోజు ఎక్కుతారో ఆయనకి కంఠతా వచ్చు. రావాల్సిన మనిషి రాకపోతే డ్రైవరుని ఆపి, "ఒక్క నిమిషం, ఆవిడ తాళం వేసుకుంటూ ఉంటుంది" అనేవాడు. మందులు, సైకిలు ట్యూబులు, బడిపిల్లల నోటుపుస్తకాలు, కుట్టుమిషను సూదులు, అన్నీ ఆయన భుజానున్న తోలుసంచిలోనే పట్నం నుంచి వచ్చేవి. ఒకసారి ముగ్గురు ముసలాళ్ళ కళ్ళజోళ్ళు కలిసిపోతే, వాటిని ఒక్కొక్కటే తను పెట్టుకుని చూసి, ఎవరిది ఎవరిదో సరిగ్గా చెప్పాడు. అలాంటి మనిషి.

ఆయన ముందుగదిలో గోడకి ఒక పటం ఉంది. రిటైరైన రోజున డిపోవాళ్ళు ఇచ్చింది. 'ఒక్క రిమార్కు లేని సర్వీసు' అని బంగారు రంగు అక్షరాలు. పొద్దున లేవగానే తువ్వాలుతో దాన్ని తుడిచి గాని ఆయన కాఫీ తాగడు. "నా మొహం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశారా?" అని అత్త. "నీ మొహం మీద దుమ్ము పడదే" అని ఆయన. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళయినా వీళ్ళిద్దరూ ఇంతే.

నోటీసు సంగతి చెప్పగానే మామయ్య నవ్వాడు. "ఎవడో కొత్త గుమాస్తా అంకె తప్పు వేసుంటాడు. నేను వచ్చి మాట్లాడతా. అక్కడ నా మాటకి విలువుంది" అన్నాడు. నాకు ఆ నమ్మకం చాలలేదు. ఆదివారం పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగి ఊరంతా లెక్క రాశాను. ఎనభై తొమ్మిది ఇళ్ళు, నాలుగువందల పన్నెండు మంది. రోజూ బస్సెక్కేవాళ్ళు నలభై ఒక్కమంది, వాళ్ళ పనులు, ఎక్కే వేళలు. అందరిచేతా సంతకాలు పెట్టించాను. పిండిమర ఆయన సంతకం పెడుతూ, "నా సంచిని కూడా రాసుకో, అది కూడా రోజూ వస్తుంది" అన్నాడు. ఆ సంచి మీద నాకున్న కోపం ఆ పూటకి దిగమింగాను.

శుక్రవారం అత్తకి ఆసుపత్రి పని అయ్యాక ముగ్గురం డిపోకి వెళ్ళాం. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మేనేజరు కుర్రవాడే. మామయ్యని చూడగానే లేచి నిలబడి, తనే కుర్చీ జరిపి, "మీలాంటివాళ్ళ వల్లే సార్ ఈ డిపోకి పేరు" అన్నాడు. మామయ్య నావైపు చూశాడు, విన్నావా అన్నట్టు. నేను నా పుస్తకం బల్ల మీద పెట్టి నాలుగువందల పన్నెండు మందినీ ఆయన ముందు నిలబెట్టినంత పని చేశాను.

మేనేజరు అంతా ఓపిగ్గా విని కంప్యూటరు తెరని మావైపు తిప్పాడు. "కోపం తెచ్చుకోకండి. టికెట్ మిషన్లు వచ్చిన దగ్గర్నుంచి పదకొండేళ్ళ లెక్క ఇందులో ఉంది. పధ్నాలుగో స్టేజీలో ఎక్కినవాళ్ళు ఎంతమందో మీరే చూడండి."

చూశాను. మూడు.

రోజుకి మూడు కాదు, నెలకి మూడు కాదు. పదకొండేళ్ళకి మూడు టికెట్లు. నాలుగువందల పన్నెండు మంది బతికున్న ఊరు ఆ తెర మీద లేదు.

"దిగినవాళ్ళు కూడా అంతే. పై ఆఫీసువాళ్ళు అడుగుతున్నారమ్మా, ఆరు కిలోమీటర్లు ఎవరి కోసం పోతోంది మీ బస్సు అని" అన్నాడు మేనేజరు. "అదే ముందున్న బట్టీ స్టేజీ చూడండి, రోజుకి నలభైకి తక్కువ లేరు. అంత రద్దీ ఉందనే కదా మూడేళ్ళ కిందట అక్కడ షెల్టరు కట్టించాం."

షెల్టరు. ఆ బట్టీ నేను బడిలో చదివేటప్పుడే మూతపడింది. అక్కడ ఉన్నది పొగగొట్టం, రెండు కుక్కలు. అలాంటిచోట రేకుల కప్పు, సిమెంటు బెంచీలు, లైటుతో సహా షెల్టరు కడుతుంటే, మేమంతా బస్సు కిటికీల్లోంచి చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. మేకల కోసం కట్టారన్నాం. అది మా కోసం కట్టిందే.

మీకు తెలియాలంటే మా ఊరి పద్ధతి చెప్పాలి. మా ఊళ్ళో బస్సెక్కి ఎవరూ మా ఊరి నుంచి టికెట్ తీసుకోరు. "బట్టీ నుంచి ఒకటి" అంటారు. తిరిగొచ్చేటప్పుడు బట్టీ దాకానే తీసుకుంటారు. ఒక స్టేజీ తగ్గుతుంది కాబట్టి ఆరు రూపాయలు మిగులుతాయి. చెకింగువాళ్ళు కంకర బాట మీదికి ఎన్నడూ రారు, ఎక్కితే బట్టీ దాటాకే. అప్పటికి అందరి చేతిలోనూ సరైన టికెట్టే ఉంటుంది. ఈ పద్ధతి పెట్టింది మామయ్యే. ఒక వానాకాలం, కళ్ళాపరేషనుకి పోతున్న ముసలామె దగ్గర చిల్లర చాలక దిగిపోబోతుంటే, "కూర్చో పెద్దమ్మా, బట్టీ నుంచి కొడతాలే" అన్నాడట. మర్నాడు ఇంకొకాయన, ఆమెకో న్యాయం మాకో న్యాయమా అన్నాడు. నెల తిరిగేసరికి ఊరు ఊరంతా బట్టీలోనే ఎక్కడం మొదలుపెట్టింది. నేను పుట్టి బుద్ధెరిగాక వేరే మాట వినలేదు. అది తప్పని కూడా ఎప్పుడూ తోచలేదు, ఆరూ నలభైకి బస్సు రావడం ఎలాగో అదీ అలాగే.

మేనేజరుకి ఇదేమీ తెలియదు. పాపం, మర్యాదగానే అడిగాడు. "ఆ రూటు మీకంటే తెలిసినవాళ్ళు లేరు సార్. మీరే చెప్పండి. అక్కడ ఎవరైనా ఎక్కేవాళ్ళా?"

"ఎక్కేవాళ్ళు" అన్నాడు మామయ్య.

"మరి టికెట్లేవి సార్?"

మామయ్య బల్ల మీదున్న గ్లాసు తీసుకుని నీళ్ళు తాగాడు. కొన్ని ఇస్త్రీ చొక్కా మీద ఒలికాయి. నేను ఆయన్నే చూస్తున్నాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు. అంత పెద్దమనిషి, బడిలో పలక పగలగొట్టిన పిల్లాడిలా కూర్చున్నాడు. అప్పుడు అత్త లేచింది. నాలుగు గంటలు మిషను మీద పడుకుని వచ్చిన మనిషి, ఆయన భుజం పట్టుకుని, "ఈయనకి కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి బాబూ, మళ్ళీ వస్తాం" అంది.

ఇంటికి చేరేదాకా నోరు మూసుకున్నాను. అది నాకు ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు. గడప దాటాక మాత్రం ఆగలేదు.

"ఎందుకు చెప్పలేదు మామయ్యా? నిజం చెప్తే అయిపోయేదిగా."

"నేనేమన్నా దొంగతనం చేశానా? పైసా నా జేబులో వేసుకున్నానా?" అన్నాడు పటం వైపు చూస్తూ. "మేలు చేశాను నేను."

"ఆ మేలు వల్లే అత్తకి బస్సు పోతోంది."

ఆయన చెంప మీద కొట్టినట్టు చూశాడు. అప్పటిదాకా ఆ రెండింటినీ ఆయన మనసులో కలపలేదని నాకప్పుడు అర్థమైంది. లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నేను వెనకాలే పోబోతే అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఊరుకోవే. నీకు నోరొకటుంది కదా అని."

"నీకు కోపం రావడం లేదా అత్తా?"

"వచ్చింది. డిపోలోనే వచ్చి పోయింది. ఆయన జీవితమంతా కష్టపడి తెచ్చుకున్నది ఆ పటం ఒక్కటే. అది దించమని నేనడగను. నువ్వూ అడగొద్దు."

"నీ ప్రాణం కంటే ఎక్కువా అది?"

"పాల వ్యాను ఉందిగా" అంది అత్త, అదేదో కారులాగా.

నేను ఊరుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం ఒక్కదాన్నే డిపోకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మేనేజరు పెన్ను కింద పెట్టి చాలాసేపు నన్ను చూశాడు. ఆ చూపుకి నాకు తల కొట్టేసినట్టయింది. "నోటిమాట మీద పదకొండేళ్ళ రికార్డు మార్చలేనమ్మా. టికెట్లు కొట్టిన మనిషి రాసి సంతకం పెట్టాలి. పెడితే విచారణ తప్పదు, సర్వీసు పుస్తకంలో రిమార్కు పడుతుంది. అప్పుడు పై ఆఫీసుకి నేనేదైనా చెప్పగలను" అన్నాడు.

టికెట్లు కొట్టినవాళ్ళలో ఇప్పటి కండక్టరు కూడా ఉంది, నా వయసు పిల్లే. ఆమెని సంతకం అడిగితే ఉద్యోగం ఊడుతుంది. పైగా అడగడానికి నాకు మొహం చెల్లలేదు. నాలుగేళ్ళ కిందట ఆమె మొదటిరోజు మా ఊరి నుంచే టికెట్ కొట్టింది. అప్పుడు, "మా ఊరి పద్ధతి తెలియకపోతే తెలుసుకో" అని బస్సంతా వినబడేలా ఆ పిల్లని కడిగిపారేసింది నేనే. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకు గెలిచినంత సంబరమైంది.

ఒకటో తారీఖున బస్సు రాలేదు. వస్తుందేమోనని జనం పిండిమర ముందు ఎనిమిది దాకా నిలబడ్డారు. ఎవరికీ నమ్మకం కుదరలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, నడవగలిగినవాళ్ళు నడిచారు, మిగతావాళ్ళు ఇళ్ళకి తిరిగారు. అత్త మాత్రం పాలవ్యాను వెనక, క్యాన్ల మధ్య బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని డ్యూటీకి బయల్దేరింది. కంకర మీద వ్యాను ఎగిరినప్పుడల్లా క్యాన్లు ఆమె మోకాళ్ళకి తగిలేవి. రెండు వారాలకి మోకాళ్ళు నల్లబడ్డాయి. మామయ్య పక్కనే కూర్చుని క్యాన్లని చేతులతో అడ్డంపెట్టేవాడు. పటం తుడవడం మానేశాడు. కాఫీ కూడా సగం తాగి వదిలేసేవాడు.

మూడో వారం మంగళవారం వ్యాను చెడింది. శుక్రవారానికీ బాగుకాలేదు. అప్పటికే అత్తకి మొహం ఉబ్బింది, మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. మామయ్య పాత సైకిలు బయటికి తీశాడు. వెనక దుప్పటి మడిచి వేసి అత్తని కూర్చోబెట్టాం. ఆయన హ్యాండిల్ పట్టుకుని తోస్తుంటే, నేను అత్త వీపుకి చెయ్యి ఆనించి పట్టుకుని నడిచాను. ఆరు కిలోమీటర్లకి రెండు గంటలు పట్టింది.

బట్టీ దగ్గర అత్తని షెల్టరు బెంచీ మీద కూర్చోబెట్టాం. లోపలున్న మేకల్ని తోలాను. మొదటిసారి ఆ షెల్టరులో మనిషి కూర్చోవడం చూశాను. అత్త వెనక్కి ఆనుకుని, కప్పు వైపు చూసి, ఊపిరి కూడదీసుకుని అంది.

"బాగానే కట్టారు మన ఊరివాళ్ళకి. నీడగా ఉంది."

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అంది. దానికే మామయ్య కూలబడిపోయాడు. నేలమీద, సైకిలు పక్కన, మోకాళ్ళ మీద మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను ఎన్నడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక నేను రోడ్డుకేసి చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి ఆయనే లేచి, ముక్కు తుడుచుకుని, "నీ దగ్గర కాగితం ఉందా?" అని అడిగాడు.

నా సంచిలో ఊరి లెక్క రాసిన పుస్తకం ఉంది. చివరి పేజీ చింపి ఇచ్చాను. చెవి మీద ఎప్పుడూ పెట్టుకునే బాల్‌పెన్ను తీసి, సిమెంటు బెంచీ మీద కాగితం పెట్టుకుని, అత్త పక్కనే కూర్చుని రాశాడు. పంతొమ్మిదేళ్ళు ఆ ఊళ్ళో ఎక్కిన ప్రతి మనిషికీ బట్టీ నుంచి టికెట్ కొట్టింది తనేనని, తర్వాత వచ్చినవాళ్ళు తను పెట్టిన పద్ధతే పాటించారు గాని వాళ్ళ తప్పు లేదని, ఆ ఊళ్ళో మనుషులున్నారని. ఆ చివరి మాట కింద గీత కూడా గీశాడు.

"ఏమండీ, ఆలోచించుకోండి" అంది అత్త.

"ఆలోచించడానికి ఇంకేముందే" అన్నాడు.

ఆ రోజు అత్తని ఐదు గంటలు మిషను మీద ఉంచారు. ఇంకొక్కరోజు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని డాక్టరమ్మ మామయ్యని చడామడా తిట్టింది. ఆయన తలవంచుకుని విని, అట్నుంచటే డిపోకి వెళ్ళి కాగితం ఇచ్చాడు. బాగైన పాలవ్యానులోనే అత్త వెళ్ళొస్తుండగా విచారణ జరిగింది. రిమార్కు పడింది. మామయ్య ఇంటికొచ్చి పటం దించి బట్టలో చుట్టి అటక మీద పెట్టాడు. గోడ మీద దాని చోటు ఇప్పటికీ తెల్లగా కనబడుతుంది.

పై ఆఫీసు రెండు నెలలు గడువిచ్చింది. పధ్నాలుగో స్టేజీలో రోజుకి ఇరవై ఐదు టికెట్లు తెగితే బస్సు ఉంటుంది, లేకపోతే ఇక అడగడానికేమీ ఉండదు. మామయ్య పిండిమర ముందు అందర్నీ కూర్చోబెట్టి, జరిగినదంతా చెప్పి, చేతులు జోడించాడు. ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంటుందనుకున్నాను. వెనక నుంచి ఒకాయన లేచి, "అయితే రోజూ పోనూ రానూ పన్నెండు రూపాయలు మా నెత్తిన వేశావన్నమాట. రాసివ్వమని నిన్నెవరడిగారు?" అన్నాడు. ఇంకో ఇద్దరు తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మందులు, ఆయన కళ్ళజోడు, ఆయన పిల్లల నోటుపుస్తకాలు, మామయ్య మోసుకొచ్చినవన్నీ ఏకరువు పెట్టి ఆ పెద్దమనిషిని నిలబెట్టి కడిగాను. "బట్టీ అనే మాట ఈ ఊళ్ళో ఇంకెవరి నోటైనా వినబడితే ఊరుకోను" అన్నాను.

సోమవారం ఆరూ నలభైకి బస్సు వచ్చింది. జనం అప్పటికే తూర్పుకేసి చూస్తూ నిలబడి ఉన్నారు, దుమ్ము కనబడగానే ఎవరో ఈల వేశారు. మామయ్య ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి, ఒక్కొక్కర్నీ పాతరోజుల్లోలాగే చెయ్యందించి ఎక్కించాడు. అత్తకి కిటికీ పక్క సీటు దొరికింది. నా కాలు ఎప్పటిలాగే పిండిమర ఆయన సంచి మీద పడింది. "ఆ సంచికి కూడా టికెట్ తీసుకో, ఇరవై ఐదులో ఒకటవుతుంది" అని ఆయన మీద విరుచుకుపడుతున్నాను. ఆయన ఏదో అంటున్నాడు, నేను ఇంకేదో అంటున్నాను. ఇంతలో కండక్టరు పిల్ల మిషను పట్టుకుని నా పక్కకొచ్చి ఆగింది.

తల తిప్పకుండానే చెయ్యి చాపాను.

"బట్టీ నుంచి ఒకటి."

ముందుసీట్లవాళ్ళు వెనక్కి తిరిగారు. నా నోట్లోంచే వచ్చిందని నాకు తెలియడానికి క్షణం పట్టింది. పిండిమర ఆయన నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. కండక్టరు పిల్ల వేలు మీట మీద అలాగే ఆగిపోయింది. నాకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి.

వెనక ఎవరో నవ్వబోయారు. "నవ్వొద్దు" అన్నాడు మామయ్య ఫుట్‌బోర్డు దగ్గర్నుంచి. మెల్లిగానే అన్నాడు. "ఆ మాట దానిది కాదు. నేను నేర్పిందే."

మనుషుల మధ్య నుంచి ముందుకొచ్చి, డిపో ఇచ్చిన ఫ్రీ పాసున్న మనిషి, జేబులోంచి డబ్బులు తీశాడు.

"ఇక్కడి నుంచి మూడు కొట్టమ్మా" అన్నాడు.

మిషను కిర్రుమని మూడు టికెట్లు తోసింది. ఒకటి అత్తకిచ్చాడు, ఒకటి నా చేతిలో పెట్టాడు. దాని మీద మా ఊరి పేరుంది. బస్సు షెల్టరు దాటేదాకా నేను తల ఎత్తలేదు.